సినిమాకి ప్రాంప్టింగ్ చెప్పే మాస్టారు

ఆయన సినిమాకి కూడా ప్రాంప్టింగ్ చెప్పేవారు.

నాటకానికి ఆ పని చేసే మనిషి ఒకప్పుడు ప్రతి నాటక సమాజంలోనూ ఉండేవాడు. తెర చాటున నిలబడి, నటుడు మాట మర్చిపోతే మెల్లగా అందిస్తాడు. మా నూజివీడు సమాజంలో ఆ పని మాస్టారిది. మేం ఏళ్ళ తరబడి ఆడిన నాటకం ఒకటుంది. హత్య, పోలీసులు, కోర్టు ఉన్న కథ. మేమంతా పుట్టకముందే దాన్ని నలుపు తెలుపు సినిమాగా తీశారు, అది బాగా ఆడింది కూడా. ఆ సినిమా మళ్ళీ ఎప్పుడు ఊళ్ళోకి వచ్చినా మాస్టారు వెళ్ళేవారు. ముందు బెంచీలో కూర్చుని, తెరమీద మనిషి నోరు తెరవడానికి ఒక్క ఊపిరి ముందు ఆ మాట తను అనేవారు. ఒకసారి పక్కనున్నాయన విసుక్కుని, టిక్కెట్టు కొన్నది సినిమా వినడానికి గానీ మీ గొణుగుడు వినడానికి కాదన్నాడు. మాస్టారు నొచ్చుకోలేదు. "వాడు మర్చిపోతే ఎవరు చెప్తారయ్యా?" అన్నారు.

మొన్న మా మామిడికాయల షెడ్డులో మధ్యాహ్నం అన్నాలు తిన్నాక, కాయలు పెట్టెల్లో సర్దే ఆడవాళ్ళు ఒక ఫోన్ని గోడకి ఆనించి అదే సినిమా పెట్టుకున్నారు. నేను లారీ కోసం చూస్తూ గుమ్మంలో కూర్చున్నాను. చివర్లో ఎవరో వచ్చి నిజం చెప్తాడంట, పాపం ఆ కుర్రాడికి ఉరి తప్పుద్దంట, అని ఒకామె మిగతావాళ్ళకి చెబుతోంది.

"నాటకంలో ఎవరూ రారు" అన్నాను నేను.

ఆమె నావైపు చూసింది. "మీకెందుకండీ అంత కోపం? సినిమానే కదా" అంది.

మాస్టారు పోయి అప్పటికి నెల దాటింది.

ఆయన మిషన్ స్కూల్లో తెలుగు చెప్పేవారు. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. ఎంత ఎండలోనైనా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకునే తిరిగేవారు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం. ఆయనకి ఒక బలహీనత ఉండేది, ఎదుటివాడు మాట కోసం వెతుక్కుంటూ ఆగిపోతే చూడలేకపోయేవారు. క్లాసులో ప్రశ్న అడిగి, కుర్రాడు లేచి నిలబడి దిక్కులు చూస్తే, పాపం జవాబు కూడా తనే చెప్పేసేవారు. ఆ సంగతి మాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది. చదివినవాడూ చదవనివాడూ అందరం మౌనంగా లేచి నిలబడేవాళ్ళం. చర్చిలో పాస్టరుగారు వాక్యం మధ్యలో కళ్ళజోడు సర్దుకోవడానికి ఆగితే, మూడో వరసలోంచి మిగతా వాక్యం వినిపించేది. ఆ పాస్టరుగారు ఒకసారి నవ్వుతూ, "మాస్టారూ, నేను మర్చిపోలేదండీ, ఊపిరి పీల్చుకుంటున్నాను" అన్నారట.

నాటకం రోజున మాత్రం వేరే మనిషి. పుస్తకం చంకలో ఉండేది గానీ తెరిచేవారు కాదు. మూడు గంటలూ నిలబడే ఉండేవారు, కుర్చీ వేస్తే పక్కకి జరిపేసేవారు. ఆయన గొంతు ఎవరికి కావాలో వాళ్ళకే వినపడేది, పక్కన నిలబడ్డవాడికి కూడా వినపడేది కాదు. ప్రాంప్టరు గొంతు నటుడి చెవి దాటిపోతే ఇక అది గొంతు కాదు, దగ్గు అనేవారు.

మామిడిపళ్ళ విషయంలో కూడా ఆయన తీర్పులు ఆయనవి. చిన్నరసాలు తప్ప ముట్టేవారు కాదు. బంగినపల్లి అంటే నవ్వేవారు. "ఒడ్డూ పొడుగూ తప్ప ఏముందిరా దానికి? కత్తితో కోసి ప్లేట్లో పెట్టాలి. రాజావేషం వేసి మాట రానివాడిలా ఉంటుంది." కలెక్టరు కాయనైతే పచ్చడి బద్దకి కూడా ఒప్పుకునేవారు కాదు. మా నాన్నది మామిడి వ్యాపారం. ఇవన్నీ మాస్టారు నాన్న ముందే అనేవారు. నాన్న వింటూ నవ్వేవారు గానీ, మాస్టారు వెళ్ళాక, ఈయన మాట వింటే వ్యాపారం మూసుకోవాల్సిందే అనేవారు.

ఆ నాటకం కథ చెప్పాలి. అన్నదమ్ములిద్దరు. అన్న చేతిలో ఒక మనిషి చస్తాడు, నింద తమ్ముడి మీద పడుతుంది. జరిగింది చూసినవాడు ఒక్కడే, తమ్ముడి స్నేహితుడు. రెండో అంకంలో వాడు జైలు ఊచలు పట్టుకుని, కోర్టుకి వస్తాను, ఉన్నది ఉన్నట్టు చెప్తాను అని ఏడుస్తాడు. మూడో అంకం కోర్టు. ఇంకెవరైనా చెప్పేవాళ్ళున్నారా అని జడ్జి అడుగుతాడు. స్టేజి మీద అందరూ తలుపు వైపు తిరుగుతారు. చాలాసేపు ఏమీ జరగదు. జడ్జి కలం తీసుకుంటాడు. తెర పడుతుంది.

సినిమా తీసినవాళ్ళు అక్కడ మార్చారు. తలుపు తోసుకుని స్నేహితుడు పరుగున వస్తాడు, తమ్ముడు బతుకుతాడు, హాల్లో చప్పట్లు. ఆ చోటికి వచ్చేసరికి మాస్టారు లేచి బయటికి వెళ్ళిపోయేవారు. ఒకసారి ఆయన వెనకే వెళ్ళి అడిగాను, అంత ఇష్టంగా చూసే సినిమా చివర ఎందుకు చూడరని. సోడా తాగుతూ చెప్పారు. "వచ్చేవాడే అయితే మొదటిరోజే వచ్చేవాడు గదా అబ్బాయ్."

ఆ స్నేహితుడి వేషం నాది. నాకు నేర్పింది ఆయనే. రెండో అంకంలో నాకు నిజంగానే కన్నీళ్ళు వచ్చేవి, దానికి నాటక పోటీల పరిషత్తుల్లో పేరు కూడా వచ్చింది. మూడో అంకంలో నాకు పని లేదు కాబట్టి రంగు తుడుచుకుని ఆయన పక్కన నిలబడి చూసేవాణ్ణి. అందరూ తలుపు వైపు తిరిగినప్పుడు ఆయన కూడా తిరిగేవారు. అక్కడ అందించాల్సిన మాట ఏదీ లేదు. అయినా ఆ కాసేపూ ఆయన పెదవులు బిగిసి ఉండేవి.

ఇక్కడినుంచి రాయడం కష్టంగా ఉంది.

ఒక ఏడు మా నాన్న ఆగిరిపల్లి దగ్గర తోట ఒకటి గుత్తకి తీసుకున్నారు. కాపలాకి మాస్టారి తమ్ముడిని పెట్టుకున్నాం. చదువు అబ్బలేదు, ఏదన్నా పనిలో పెట్టుకోండని ఆయనే అడిగారు. తమ్ముడు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. అడిగినదానికి అవునండీ, లేదండీ, అంతే. కోతల రోజుల్లో గాలిదుమారం లేచి కాయ రాలింది. రాలిన కాయ పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది, మగ్గేసరికి దెబ్బ తగిలిన చోట కుళ్ళి, పెట్టెలో పక్క కాయల్ని కూడా పాడుచేస్తుంది. ముసునూరు నుంచి వచ్చిన కోత కూలీ ఒకతను రాలిన కాయల్ని కోసిన కాయల్లో కలిపేశాడని మా అన్నయ్య తగువు పెట్టుకున్నాడు. అతను కలపలేదన్నాడు. మాటా మాటా పెరిగింది. అన్నయ్య చేతిలో కాయలు కోసే దోటి ఉంది, పొడుగాటి వెదురు కర్ర. ఒక్క దెబ్బ వేశాడు. అతను వెనక్కి పడ్డాడు, బోరు దగ్గరున్న సిమెంటు తొట్టి అంచు తలకి తగిలింది. విజయవాడ చేరకుండానే పోయాడు.

అప్పుడక్కడ ఉన్నది అన్నయ్య, నేను, మాస్టారి తమ్ముడు. మిగతా కూలీలు తోట అవతలి కొసన ఉన్నారు.

సాయంత్రానికి కథ మారిపోయింది. ముందురోజు నీళ్ళ దగ్గర ఆ కూలీకీ మాస్టారి తమ్ముడికీ ఏవో మాటలు జరిగాయి. అవి అందరూ విన్నారు. నాన్న ఆ మాటల్ని పట్టుకున్నారు. అన్నయ్యా నేనూ ఆ రోజు తోటకే వెళ్ళలేదనీ, టౌన్లో షెడ్డులోనే ఉన్నామనీ చెప్పించారు. పోలీసులు అడిగితే నేనూ అదే చెప్పాను. మాస్టారి తమ్ముడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వినేవాళ్ళు లేకపోయారు.

కొన్నాళ్ళకి మాస్టారు షెడ్డుకి వచ్చారు. కుర్చీ వేశాను, కూర్చోలేదు.

"నువ్వు అక్కడున్నావని వాడు చెప్పాడు. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు. నువ్వు చెప్పు."

నేను మాట్లాడలేదు. ఎవరాగినా మాట అందించకుండా ఉండలేని మనిషి, ఆ రోజు అందించలేదు. ఎదురు చూశారు.

"ఉన్నాను మాస్టారూ" అన్నాను చివరికి.

"కోర్టులో చెప్తావా?"

"వస్తాను."

ఆయన ముఖం తేలికపడింది. నా భుజం మీద చెయ్యి వేసి, "ఆ వేషం అన్నేళ్ళు వేసినవాడివి, నీకు నేను చెప్పేదేముంది బాబూ" అన్నారు. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే. ఒక పిరికివాడి వేషం అన్నిసార్లు వేసినవాడు, దానికి అన్నిసార్లు కన్నీళ్ళు పెట్టినవాడు, తను అలాంటి పని చెయ్యలేడనుకున్నారు. ఆయన వెళ్ళాక నాకొకటి తోచింది. "వస్తాను" అన్న ఆ మాట నేను స్టేజి మీద అన్నట్టే అన్నాను. అదే గొంతు, చివర్లో అదే చిన్న వణుకు.

కోర్టులో నన్ను సాక్షిగా పిలిచే రోజున ఇంట్లోంచి బయల్దేరాను. అంతవరకూ నిజం. కోర్టు ఎదురుగా టీ కొట్టు దగ్గర, ఆగి ఉన్న లారీ పక్కన నిలబడ్డాను. అక్కడినుంచి వరండా కనిపిస్తుంది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్తంభం పక్కన నిలబడి ఉన్నారు. గేటు చప్పుడైనప్పుడల్లా తల తిప్పి చూస్తున్నారు. నాన్నకి భయపడ్డానని రాస్తే చదవడానికి మర్యాదగా ఉంటుంది. నాన్న ఆ రోజు ఊళ్ళోనే లేరు. రోడ్డు దాటాలి, అంతే. ఈ టీ తాగి దాటుదాం అనుకున్నాను. ఈ బస్సు పోనిచ్చి దాటుదాం అనుకున్నాను. అలా అనుకుంటూ ఉంటే లోపలినుంచి జనం బయటికి వచ్చేశారు. ఆయన తమ్ముడిని వ్యాను ఎక్కించారు. వ్యాను వెళ్ళిపోయాక మాస్టారు గేటు బయటికి వచ్చి, నన్ను చూశారు. రోడ్డు ఆయనే దాటి వచ్చారు.

"ఎండలో నిలబడ్డావు. ఇంటికెళ్ళు" అన్నారు.

శిక్ష పడింది. పై కోర్టుకి అప్పీలు వేశారు.

మరుసటి ఏడు మైలవరంలో పరిషత్తుకి మా నాటకాన్ని పిలిచారు. రిహార్సల్సుకి మాస్టారు రారనుకున్నాం, వచ్చారు. వచ్చి, ఈసారి చివరి సీను సినిమాలో ఉన్నట్టు వేద్దాం అన్నారు. మా డైరెక్టరు ఎగతాళి చేస్తున్నారనుకున్నాడు. "మీరేనా మాస్టారూ ఈ మాటంటోంది?" అన్నాడు. "జనానికి అదే ఇష్టం కదా" అన్నారాయన. ఆ కొత్త సీనుకి మాటలు కూడా ఆయనే చెప్పారు. ఎంతో లేదు. తలుపు తోసుకుని స్నేహితుడు వస్తాడు. "నేను చూశాను. చంపింది ఇతను కాదు" అంటాడు. తెర. ఆ రెండు మాటలూ నేను రిహార్సల్సులో కిందకి చూస్తూ గబగబా అనేసేవాణ్ణి. ఆయన ఏమీ అనలేదు. అప్పీలు ఇంకా నడుస్తోంది. నేను మనసు మార్చుకోడానికి ఇంకా దారి ఉందని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు.

నాటకం రోజున ముందు వరసలో మా అన్నయ్య కూర్చున్నాడు. పరిషత్తుకి చందా ఇచ్చినవాళ్ళకి అక్కడ కుర్చీలు వేశారు.

తలుపు తోసుకుని వచ్చాను. ఎవరు మీరు, ఏం చెప్పాలి అని జడ్జి వేషం వేసినతను అడిగాడు. నేను నిలబడిపోయాను. పక్కనుంచి మాట వచ్చింది, నాకు మాత్రమే వినపడేలా: "నేను చూశాను." నా నోరు కదల్లేదు. మళ్ళీ వచ్చింది. జడ్జి వేషం అతను ఏదో కల్పించి మరోసారి అడిగాడు. అప్పుడు ఆ గొంతు కొంచెం పెరిగింది, స్టేజి మీద మిగతావాళ్ళు తలలు తిప్పారు. ఇంకా పెరిగింది. జీవితంలో ఎన్నడూ నటుడి చెవి దాటనివ్వని ఆ గొంతు పందిరి చివరిదాకా వినిపించింది.

"నేను చూశాను. చంపింది ఇతను కాదు."

పోర్షన్ రాలేదురోయ్ అని వెనకనుంచి ఎవరో అరిచారు. జనం నవ్వారు. మా అన్నయ్య నవ్వలేదు. ఎవరో తెర దించేశారు.

రంగు కడుక్కుంటుంటే ఆయన నా దగ్గరికి వచ్చారు. చేతిలో తువ్వాలు ఉంటే అందించారు. "మర్చిపోయావనుకున్నారులే జనం" అన్నారు. వెళ్ళబోతూ, "నువ్వు మర్చిపోలేదని నాకు తెలుసు" అన్నారు. ఆ తర్వాత ఆయన ఏ నాటకానికీ తెర పక్కన నిలబడలేదు.

అప్పీలు కొట్టేశారు. తమ్ముడు శిక్ష పూర్తిగా అనుభవించి వచ్చాడు. వచ్చేసరికి భార్య పుట్టింట్లో స్థిరపడిపోయింది, కూతురు తండ్రిని గుర్తుపట్టలేదు. మాస్టారు తన ఇంటికి తెచ్చి పెట్టుకున్నారు. రిటైరయ్యాక ఇద్దరూ ఒక స్టవ్వు మీద వండుకుని తినేవారు. ఏటా సీజన్లో నేను ఒక బుట్ట చిన్నరసాలు పంపేవాణ్ణి. తిప్పి పంపలేదు. స్కూలు పిల్లలకి పంచేసేవారని తర్వాత తెలిసింది.

నా మీద ఆయన మాట తూలలేదు. ఎక్కడ కనిపించినా ఆగి పలకరించేవారు, పిల్లల చదువులు అడిగేవారు. ఒక్కటే తేడా. ముసలితనంలో కూడా ఆ అలవాటు పోలేదు, టీ కొట్లోనూ బ్యాంకులోనూ ఎవరు మాట కోసం తడుముకున్నా అందించేసేవారు. నాకు మాత్రం అందించేవారు కాదు. నేను ఏదో చెబుతూ మధ్యలో ఆగితే, ఆయన కూడా ఆగి, నా ముఖంలోకి చూస్తూ ఉండేవారు. కోపంగా కాదు. క్లాసులో మాకు ఎన్నడూ ఇవ్వని గడువు అది. నేను ఏదో ఎండల సంగతో, కాపు సంగతో చెప్పి ముగించేవాణ్ణి. ఆయన తల ఊపి, సరే బాబూ అని వెళ్ళిపోయేవారు. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది. ఆయన విసుగు చెందకపోవడం నాకు శిక్షలా ఉండేది, ఆ శిక్షకి కూడా అలవాటుపడిపోయాను.

చివరికి ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చూడ్డానికి వెళ్ళాను. తమ్ముడు పక్కన కూర్చుని, ఆయన పెదవుల్ని చూసి ఏం కావాలో ఊహించి చెబుతున్నాడు. దిండు ఎత్తు చెయ్యమంటున్నాడు, కిటికీ తియ్యమంటున్నాడు, అని. నన్ను చూడగానే ఆయన పెదవులు కదిలాయి. కాసేపాగి మళ్ళీ అలాగే కదిలాయి. తమ్ముడు వంగి చూసి, తెలియక నావైపు తిరిగాడు.

"మంచినీళ్ళేమోనండి?"

"అయ్యుండొచ్చు" అన్నాను.

తమ్ముడు చెంచాతో నీళ్ళు పోశాడు. మాస్టారు మింగలేకపోయారు. నీళ్ళు గడ్డం మీదుగా కారిపోయాయి. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి.

ఇంత రాశాను గానీ, ఇందులో ఒక్కరి పేరూ రాయలేదు. మాస్టారి పేరూ, తమ్ముడి పేరూ, మా అన్నయ్య పేరూ, నా పేరూ. రాయకపోవడానికి కారణాలు చెప్పగలను. అన్నయ్య పెద్దవాడైపోయాడు, మోకాళ్ళ ఆపరేషను అయింది, మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు. ఇలాంటి కారణాలు నాకెప్పుడూ తక్కువ కాలేదు.

మాస్టారు పోయాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమని పాస్టరుగారు ముందే ఫోన్ చేశారు. ఇంటిదగ్గర బయల్దేరేటప్పుడే అనుకున్నాను, ఈ రోజు చెప్పేస్తాను అని. చర్చి నిండా జనం ఉంటారు, తమ్ముడు ముందు వరసలో ఉంటాడు, ఇంతకన్నా మంచి చోటు ఉండదు. మైకు చేతికిచ్చారు. క్లాసులో మేం మౌనంగా లేచి నిలబడడం గురించి చెప్పాను, అందరూ నవ్వారు. బంగినపల్లి మీద ఆయన తీర్పు చెప్పాను, ఇంకా నవ్వారు. నాటకాల గురించి మొదలుపెట్టి, పరిషత్తు దగ్గరికి వచ్చి ఆగాను. నా గొంతు పూడుకుపోయిందనుకుని పాస్టరుగారు మంచినీళ్ళ గ్లాసు అందించారు. తమ్ముడు తలెత్తి చూశాడు. అలాంటి మనిషి మళ్ళీ పుట్టడు అని చెప్పి, మైకు ఇచ్చేసి, వచ్చి కూర్చున్నాను.

కూడిక అయ్యాక బయట షామియానా కింద భోజనాలు పెట్టారు. తమ్ముడు కూరగిన్నె పట్టుకుని తనే వరసగా వడ్డిస్తూ వస్తున్నాడు. నా దగ్గరికి వచ్చి ఆగాడు.

"బాగా మాట్లాడారండీ" అన్నాడు. "అన్నయ్య ఉంటే సంతోషించేవాడు."

ఎగతాళి ఉందేమోనని అతని ముఖంలో వెతికాను. లేదు. ఇంకొంచెం వేసుకోండి అంటూ రెండో గరిటె కూడా వేశాడు.

నేను తిన్నాను.